రైలుపట్టాల పక్కన గులాబీలు

ఆంటీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీరు కలుపు తీస్తూ కాపాడిన రైలుపట్టాల పక్క ప్రెయిరీ గడ్డినేల ముక్కలో మన తెలుగువాళ్లు గులాబీలు నాటారు. మీ జ్ఞాపకార్థమట! వేర్‌హౌస్‌లో షిఫ్ట్ ముగించుకుని నేను వెళ్లేసరికే లెడ్‌ప్లాంట్ అనే ఆ అడవిపొదల్లో సగం మొదలంటా నరికేశారు.

"ఆ ఎండుపుల్లలా? చచ్చిపోయాయనుకున్నాం రా," అంది మీ ఫ్రెండ్ పద్మ ఆంటీ.

"చావలేదు, వాటికి ఆకులు లేటుగా వస్తాయి. ఒక్క ఫోన్ కొట్టి అడిగితే ఏం పోయేది?" అని అందరి ముందూ అరిచాను.

నాగలి తగలని నేలలో, బ్లూస్టెమ్ గడ్డి, కోన్‌ఫ్లవర్ పూలమొక్కల మధ్యే ఆ పొద బాగా బతుకుతుందని మీరే చెప్పారు. మన ఊరు అరోరా చుట్టూ ఎటు చూసినా లాన్లు, మొక్కజొన్న చేలు. దానికి మిగిలిన చోటు ఇంతే.

గులాబీలన్నీ తవ్వి తీసి, కుండీల్లో పెట్టి మీ ఇంటికి పట్టుకెళ్లాను. తలుపు తీసిన అంకుల్‌కి జరిగిందంతా కోపంగానే చెప్పాను. ఆయన చివరిదాకా విని ఒక్కటే అడిగారు.

"మరి ఆవిణ్ణి తలుచుకుంటూ నేనెక్కడ కూర్చోవాలిరా?"

కుండీలు ఒక్కొక్కటే గుమ్మం పక్కన దించాను.

నరికిన పొదలకి వేర్లు లోతుగా ఉన్నాయి, మళ్లీ చిగురిస్తాయి. ఆదివారం మడతకుర్చీ కార్లో వేసుకుని అంకుల్‌ని అక్కడికి తీసుకెళ్తున్నాను. ఆయన ఆ నేల ఇంతవరకూ చూడనే లేదట. మీ మీద కూడా కోపంగానే ఉంది, ఆంటీ. ఎవడో పరాయి కుర్రాణ్ణి, నాకు ప్రతి ఆకూ చూపించారు. ఆయన్ని ఒక్కసారి పిలవాల్సింది.