సౌండు రాని వీడియో

అన్నా,

నువ్వు ఫ్యాక్టరీలో పోయి ఇవాళ్టికి ఏడాది. ఆ పొద్దున నిన్ను బైకు మీద తీసుకుపోవడానికి వచ్చిన శ్రీను, మన గుమ్మంలోనే తన కొత్త ఫోనుతో నిన్ను వీడియో తీశాడు. మన కంప్యూటర్‌లో దానికి బొమ్మ వచ్చేది, సౌండు వచ్చేది కాదు. వీడియో తీసినప్పుడు వంటింట్లో ఉన్న అమ్మ, రోజూ అదే పెట్టించుకుని నీ పెదాలు చూసేది. "తిన్నవానే అమ్మా అంటుండు, సూడు" అనేది.

సూరారం నెట్ సెంటర్ అతను, కోడెక్ అనే సాఫ్ట్‌వేర్ లేకనే సౌండు రావట్లేదని చెప్పి సీడీలో వేసిచ్చాడు. ఇవాళ ఎక్కించాను. నీ గొంతు వచ్చింది.

"ఏంది రా గీ పరేషాన్! ఫోన్ లోపల వెట్టు. డ్యూటీకి లేటయితాంది, జల్దీ పోదాం పా."

అమ్మ ఇంకోసారి పెట్టమంది. మళ్లీ అదే మాట. ఎందుకు బాగుచేశానా అని నా మీద నాకే మండింది.

"గా సౌండ్ తీసెయ్ బిడ్డా" అంది అమ్మ.

తీసేశాను. తెరకు దగ్గరగా జరిగి కూర్చుంది. నీ పెదాలు కదలగానే జవాబిచ్చింది.

"తిన్న కొడుకా. నువ్వు పైలంగ పోయిరా."