పై తాడు రేణుకది

2018 ఫిబ్రవరి 11, కొల్లాపూర్

మోకాలు మళ్లీ ఉబ్బింది. మా కంపెనీ ఓనరు పహిల్వాన్ సాబ్ ఒత్తి చూసి, "ఇంక నువ్వు రింగు పై తాడు ఎక్కకు సుజాతా. రేణుక దుంకుతది. నువ్వు కింద పండుకో, పట్టుకో" అన్నాడు. అంతే...

ఊరూరా తిరిగే మా కుస్తీ కంపెనీలో ఆడవాళ్ల ఎగిరే కుస్తీ మొదలైంది నాతో. "గాలిపటాలు" అని పేరు పెట్టింది నేను. రేణుకకు తాడు మీద నిలబడటం నేర్పిందీ నేనే.

ఫిబ్రవరి 14

దూకింది. జనం లేచి నిలబడ్డారు. నేను కింద వెల్లకిలా, కళ్లు మూసుకొని.

ఏప్రిల్ 3, తిరుమలగిరి

ఇప్పుడు ఆటకు మూడు గాలిపటాల కుస్తీలు. మగవాళ్లవి ముందే కానిచ్చేస్తున్నాడు సాబ్. జనం ఆగేది మా కోసం. మా కోసం అంటే ఆమె కోసం. కొత్త ఫ్లెక్సీలో రేణుక నిలువెత్తు, నేను మూలన పాస్‌పోర్టు ఫోటో అంత. టీ కొట్టతను నన్నే అడిగాడు, "రేణుకక్క రాలేదా?" అని.

ఒళ్లు మండింది. టీ తాగకుండానే వచ్చేశాను.

ఏప్రిల్ 20

రేణుక ఎంత ఎగిరినా వీపు నా వైపు పెట్టి వెనక్కే దూకాలి కదా. కింద నేను చేతులు సర్దుకున్నానో లేదో కనపడదు. నా మడమ రింగు చెక్కల మీద టకటకమంటేనే దూకుతుంది. జనం మాత్రం నేను నొప్పికి కాళ్లు కొట్టుకుంటున్నాననుకుంటారు. అనుకోనీ.

మే 6

మడమ కొట్టలేదు. కావాలనే.

ఆమె పైన, చేతులు చాచి. ఈలలు ఆగిపోయాయి. ఎవడో "దుంకుతవా, దిగుతవా?" అన్నాడు. నవ్వులు... అప్పుడు కొట్టాను. దూకింది. పట్టుకున్నాను.

వ్యాన్‌లో నా పక్కనే కూర్చుంది. "మర్చిపోయినవా అక్కా?"

"మోకాలు గుంజింది."

నమ్మలేదు.

మే 13

నా జాగాలో మా గాలిపటాల్లోని స్వప్న. "నీ మోకాలుకు జర రెస్టు అక్కా" అంది రేణుక. నేను బయట, నీళ్ల సీసాలు పట్టుకొని. స్వప్న మడమ కొట్టిందో లేదో రేణుక దూకేసింది, క్షణం కూడా ఆగలేదు.

ఈసారి నా కడుపుమంట ఆమె ఎగిరినందుకు కాదు. స్వప్న పట్టుకున్నందుకు. సిగ్గు లేదు నాకు.

2019 జనవరి 27

జనం సగం కూడా లేరు. స్వప్న సరిగ్గా పట్టలేదు. రేణుక భుజం జారింది... దవాఖానకు నేనూ వెళ్లాను. అయ్యో అన్నాను. లోపల మాత్రం, నేనైతే పట్టేదాన్ని అని ఒకటే పాట.

మార్చి 17

"గిసొంటియి ఫోన్ల మస్తు సూస్తుండ్రు. ఈడిదాక ఎవలొస్తరు?" అన్నాడు సాబ్. గాలిపటాలు బంద్. వచ్చే ఆదివారం భువనగిరిలో ఆఖరి ఆట. ఆ తర్వాత మగవాళ్ల కుస్తీ, డీజే.

ఫ్లెక్సీలో రేణుక కూడా ఉండదు. సంతోషం రావాలి కదా. రాలేదు.

మార్చి 23, శనివారం

రేణుక ఇంటికి వచ్చింది. భుజానికి ఇంకా పట్టీ.

"రేపు కింద నువ్వే ఉండాలె అక్కా. స్వప్న ఉంటే నేను దుంక."

"ఎందుకు?"

"నీ మడిమె సప్పుడు నాకెరుక." వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగింది. "కొడ్తవు గదా?"

"కొడ్త" అన్నాను.

కొడతాను. కానీ కొట్టేదాకా పైన ఆమె, చుట్టూ జనం, అందరూ నా కోసం ఆగాల్సిందే. ఈ ఆటలో నాదంటూ మిగిలింది ఆ కాసేపే. రేపటితో అదీ పోతుంది.

ఆమెను పైన ఎంతసేపు ఉంచుకోవాలో ఇంకా అనుకోలేదు.