స్టీరింగు పట్టిన మామ్మ

పెర్సిస్ తల్లీ, మేం బాగానే ఉన్నాం, కారుకే నలత చేసింది. గూడెంలో సస్పెన్షన్ పని చేయించాక స్టీరింగు జానెడు తిప్పితేగానీ చక్రం కదల్లేదు. మెకానిక్కేమో "పాత బండి గదండీ, అంతేనండీ" అన్నాడు. మీ మామ్మా పాతబడింది, ఎక్కడన్నా వదులైందా? అతని షెడ్డులోనే ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టి స్టీరింగు అటూ ఇటూ ఆడించమన్నాను. నేను చక్రం దగ్గర వంగి చూస్తే, చక్రాన్ని తిప్పే రాడ్డు చివర నట్టు సరిగ్గా బిగించలేదు! అలాగే వచ్చుంటే కొల్లేరు చేపలకి పండగే. అతని చేతే బిగింపించాను, ఇప్పుడు బాగుంది. పై ఆదివారం బుజ్జిగాడి బాప్తిస్మానికి కార్లోనే వస్తాం. వాడి గౌనుకి కొలత రాయి. మీ ఆయన్ని ఆ రాత్రికి గురక తగ్గించుకోమను. ఇన్నాళ్ళూ వెనక కూర్చుని ప్రార్థన చేసిన మీ మామ్మ, ఈసారి ముందు సీటే కావాలంటోంది. ప్రభువు మీకు తోడుండాలి, దారిలో నాకు కూడా.

తాత వరదానం