రాగి బిందె నీళ్ళు

కార్తీక సోమవారం, రాత్రి. గద్వాల.

నా బిడ్డ లావణ్య సముద్రపు జీవాలను పెంచుకునే అద్దాల తొట్టిలో రొయ్యలు రెండూ చచ్చిపోయాయి. చంపింది నేనే.

తొట్టి పెట్టిన రోజే నా మనసు చిన్నబోయింది. కృష్ణా నది ఇసుక తెచ్చి పొయ్యమని నేనంటే నా బిడ్డ నవ్వింది. "ఏటి ఇసుకతోని పాచి పడ్తదమ్మా. గీ జీవాలకు పగడాల ఇసుకే కావాలె" అన్నది. కృష్ణమ్మ ఇసుక పనికిరాకుండా పోయిందా అని ఆ రోజు మూతి ముడుచుకున్నాను.

మొన్న బీచుపల్లిలో కృష్ణ స్నానం చేసి రాగి బిందెలో నీళ్ళు తెచ్చాను. తులసి వేసి దేవుని ముందు పెట్టాను. ఈ పొద్దున లావణ్య డ్యూటీకి పోయాక చూస్తే తొట్టిలో నీళ్ళు తగ్గి ఉన్నాయి. వాటికీ ఇంత పుణ్యం దక్కుతుందని బిందెడూ పోసేశాను.

సాయంత్రం లావణ్య తొట్టిలోంచి తులసాకు తీసి చూసింది.

"రాగి బిందెల నీళ్ళేనా అమ్మా?"

"ఔ బిడ్డా. తీర్థమే గదా..."

"రాగి మనకు మంచిదే. రొయ్యలకు విషం. జర నన్ను అడగకపోతివా?"

 తిట్టినా బాగుండేది. కొత్త ఉప్పునీళ్ళు కలిపి, తొట్టిలో సగం నీళ్ళు మార్చి, అన్నం తినకుండానే పడుకుంది. తొట్టిలో పువ్వులా విచ్చుకునే పగడపు జీవి ఇంకా ముడుచుకునే ఉంది. తెల్లారి విచ్చుకుంటే బతికినట్టేనట.

దేవుణ్ని రోజూ ఎన్నో అడుగుతాను. బిడ్డను "పొయ్యనా?" అని ఒక్క మాట అడగలేదు.

రేపు దీపం పెట్టకముందే తొట్టి దగ్గరికి పోతానేమో. స్వామీ, ఏమనుకోకు...