చేతికందే నీళ్లు

ఫిబ్రవరి 9, ఆదివారం

తెల్లవారుజామున మళ్లీ నీళ్ల కల. కలలో నేను ఈదడం లేదు, నడవడం లేదు. నీళ్లు ఎటో తీసుకెళ్తున్నాయి, నేను వెళ్తున్నాను. అంతే. మెలకువ వచ్చాక కూడా కాసేపు మంచం మెల్లగా కదులుతున్నట్టే ఉంది.

కాఫీ తాగుతూ రవికి చెప్పాను, వెనక గార్డెన్‌లో చేపల పాండ్ కట్టించుకుందామని. వెంటనే ఠీక్ హై అన్నాడు. ఈమధ్య నేనేం అడిగినా ఠీక్ హై అంటాడు. చందమామ కావాలన్నా ఆర్డర్ పెట్టేసి డెలివరీ ట్రాక్ చేస్తూ కూర్చుంటాడు.

నేలలో గుంట తవ్వి చేసే పాండ్ కాదు నాకు కావాల్సింది. ఇటుక గోడ కట్టి పైకి లేపినది. గుంటలో నీళ్లు చూడాలంటే బాగా వంగాలి. వీల్‌చైర్‌లోంచి వంగితే నాకు కనిపించేవి నా మోకాళ్లే.

ఫిబ్రవరి 11

ఏడాదిన్నర క్రితం జ్వరం వచ్చింది. ఒకరోజు పొద్దున లేవబోతే కాళ్లు లేవలేదు. వెన్నుపాములో వాపు అన్నారు. జ్వరం పోయింది. కాళ్లు తిరిగి రాలేదు.

నోయిడాలో పదిహేనో అంతస్తు ఫ్లాట్ వదిలేసి ఢిల్లీ ద్వారకలో ఈ గ్రౌండ్ ఫ్లోర్‌కి వచ్చాం. సామాను వచ్చింది. నా ఉద్యోగం ల్యాప్‌టాప్‌లో కూర్చుని వచ్చింది. రవి మాత్రం పూర్తిగా రాలేదనిపిస్తుంది. వచ్చినవాడు నాతో చాలా మెల్లగా మాట్లాడతాడు. ఐసీయూ బయట నేర్చుకున్న గొంతు అది. పెళ్లైన కొత్తలో ఉప్మా మాడితే ఇల్లు ఎగిరిపోయేలా అరుచుకునేవాళ్లం. ఇప్పుడు నేను అలిగితే, టాబ్లెట్ వేసుకున్నావా వీణా అని అడుగుతాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కొలతలు తీశాం. టేప్ ఒక చివర చాందిని పట్టుకుంది. చాందిని పగలు నన్ను చూసుకునే అమ్మాయి, ఉత్తమ్ నగర్ నుంచి వస్తుంది. నా దగ్గర తెలుగులో ఒక్క అయ్యో నేర్చుకుంది, దాన్ని అన్నిటికీ వాడుతుంది.

కుర్చీని పక్కగా ఆపి చెయ్యి చాపాను. గోడ రెండడుగులుంటే నా చెయ్యి మణికట్టు దాటి నీళ్లలో మునుగుతుంది. రెండే అడుగులు అని రవికి రెండుసార్లు చెప్పాను. డ్రాయింగ్ వేశాడు. పంపు, ఫిల్టర్, లైనర్, అన్నిటికీ బాణాలు. నెట్‌వర్క్ ఇంజనీర్ కదా, చేపలకి సర్వర్ రూమ్ కడుతున్నట్టుంది.

ఫిబ్రవరి 22

ఇటుకలు వచ్చాయి. చాందిని వాటిని తడిపింది. ఆ వాసనకి ఆకలేసింది.

ఫిబ్రవరి 25

ఆస్పత్రి. యూరిన్ ఇన్ఫెక్షన్. నాకిది మామూలే. కిటికీలోంచి బూరుగు చెట్టు కనిపిస్తోంది, ఆకు లేదు, ఒంటినిండా ఎర్రటి పూలు. కళ్లు మూసుకుంటే ఆ పూలన్నీ నీళ్లమీద తేలుతున్నాయి. ఇంట్లో మేస్త్రీ పని మొదలుపెట్టాడని రవి చెప్పాడు. సర్‌ప్రైజ్ అన్నాడు.

మార్చి 2, ఆదివారం

ఇంటికొచ్చాను. రవి నా కళ్లు మూసి గార్డెన్‌లోకి తోసుకెళ్లాడు. చేతులు తీశాడు.

గోడ. చాలా అందమైన గోడ. పైన లేత గులాబీ రంగు రాతి పలకలు. నా భుజాల దాకా ఉంది.

లోపల ఎలా ఉందో ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు. నీళ్లు పోశాక పైన ఒక అద్దం ఏటవాలుగా బిగిస్తే నువ్వు కూర్చునే చేపల్ని చూడొచ్చు అన్నాడు. చాలా బాగుంది అన్నాను. గదిలోకొచ్చి ఆఫీసు మెయిల్స్ చూసుకున్నాను.

మార్చి 5

నేను కూడా ఆ ఐసీయూ గొంతుతోనే మాట్లాడుతున్నాను.

మార్చి 8, శనివారం

పొద్దున చెప్పేశాను. గోడ కొట్టించెయ్ అని.

అర్థం కానట్టు చూశాడు. డ్రాయింగ్‌లో రెండడుగులు కదా, ఎందుకు పెంచావన్నాను. ఎండాకాలం ఢిల్లీలో నీళ్లు కాగిపోతాయి, లోతుంటే చల్లగా ఉంటాయి అన్నాడు. లోతు కావాలంటే కిందికి తవ్వించాల్సింది, పైకి ఎందుకు లేపావన్నాను. రాతి పలకల సంగతి చెప్పాడు. మేస్త్రీ సంగతి చెప్పాడు. చేపలకోసం ఇంత ఆలోచించినవాడివి నాకోసం ఒక్క నిమిషం ఆలోచించలేదా అన్నాను.

అప్పుడు అరిచాడు.

నీకోసమే పెంచానన్నాడు. నువ్వు వంగి అందులో పడిపోతే, ఇంట్లో ఎవరూ లేకపోతే, ఏం చెయ్యమంటావు నన్ను అన్నాడు. ఆఫీసులో ప్రతి అరగంటకీ ఫోన్ చూసుకుంటున్నానన్నాడు. రాత్రి నీ ఊపిరి వినిపిస్తోందో లేదో అని నిద్రపోకుండా వింటున్నానన్నాడు. నీకొచ్చిన జబ్బు నీకొక్కదానికే వచ్చిందనుకుంటున్నావా అన్నాడు. పైఅంతస్తులో కిటికీ తెరుచుకుంది. అయినా ఆగలేదు.

నేనూ అరిచాను. నన్ను చూసుకోవడానికి చాందిని ఉంది, నాకు మొగుడు కావాలన్నాను. ఏ గోడా లేకుండా నన్ను చూడగలిగితే చూడు, లేకపోతే మానెయ్ అన్నాను. చాందిని తలుపు దగ్గర నిలబడి అయ్యో అంది. ఇద్దరం ఒకేసారి దానివైపు తిరిగి నోర్ముయ్ అన్నాం. అది హడలిపోయి పారిపోయింది.

రవి ముఖం ఎర్రగా ఉంది. మెడమీద నరం కొట్టుకుంటోంది. ఎన్నాళ్లకి చూశాను ఆ నరాన్ని! ఏడుస్తున్నాను, లోపలెక్కడో చల్లగా ఉంది. ఇంటికొచ్చావా అని అడగాలనిపించింది.

మార్చి 9

చాందినికి ఇద్దరం సారీ చెప్పాం. తనకేం తెలుగు రాదు కాబట్టి మేం ఏం తిట్టామో తెలియలేదట. తెలిసిందని మొహంలోనే తెలుస్తోంది.

మార్చి 15

హోలీ మర్నాడు. మేస్త్రీ చెవిలో ఇంకా గులాల్ ఉంది. రాతి పలకలు పగలకుండా తీసి పక్కన పేర్చాడు. మొదటి దెబ్బ నేనే వేస్తానన్నాను. రవి ఒక్క క్షణం నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. సుత్తి తెచ్చి నా చేతికిచ్చాడు.

నా దెబ్బకి ఇటుక మూల రాలింది, అంతే. అయినా భుజం దాకా ఝుమ్మంది. నడుం పైన నాకింకా ఎంత ఒళ్లుందో ఆ ఝుమ్ముతో తెలిసింది.

కావాల్సిన లోతు కోసం లోపల మట్టి తవ్వుతున్నారు. బయట రెండే అడుగులు.

ఏప్రిల్ 6, ఆదివారం

నీళ్లు నింపాం. కొళాయి నీళ్లలో క్లోరిన్ పోవాలి, కొన్నాళ్లు ఆగాలి, అప్పుడే చేపలు. నాకు తొందర లేదు. ఖాళీ నీళ్లే ఎంతసేపైనా చూడొచ్చు.

మధ్యాహ్నం చెయ్యి ముంచి కూర్చున్నాను. ఎయిర్‌పోర్ట్‌కి దిగే విమానాలు మా ఇంటిమీంచే పోతాయి. ఒకటి నీళ్లలో ఆ గోడ దగ్గర పుట్టి, నా వేళ్ల మధ్యలోంచి జారి, ఈ గోడలోకి వెళ్లిపోయింది. తర్వాత చప్పుడు వచ్చింది.

ఏప్రిల్ 12

నా గది సీలింగ్‌మీద వెలుగు అలలు. పాండ్‌మీద పడిన ఎండ కిటికీలోంచి లోపలికొచ్చి పైన ఆడుతోంది. ఆఫీసు మీటింగ్ నడుస్తోంది, నేను పైకి చూస్తున్నాను. నీళ్ల అడుగున పడుకుని ఉన్నాను. ఎవరో నా పేరు పిలిచారు. మ్యూట్‌లో ఉన్నావు వీణా అన్నారు.

ఏప్రిల్ 20

గోల్డ్‌ఫిష్‌లు వచ్చాయి. సంచితో సహా నీళ్లమీద తేలనిచ్చి, తర్వాత మూతి విప్పాం. అన్నీ నారింజ రంగు, ఒక్కటే తెల్లది. రవి మోకాళ్లమీద కూర్చున్నాడు. మా ఇద్దరి తలలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

మే 17, శనివారం

చేతులు నొప్పి. అయినా రాయాలి.

మధ్యాహ్నం దుమ్ము గాలి లేచింది. ఆకాశం పసుపు. కరెంటు పోయింది. చాందిని సెలవు. రవి ఆఫీసులో ఏదో పని పడి వెళ్లాడు. గాలి తగ్గాక బయటికెళ్లి చూస్తే పంపు ఆగిపోయింది, నీళ్లు వేడిగా ఉన్నాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెల్లది పక్కకి ఒరిగింది.

రవికి ఫోన్ చేశాను. దారిలో చెట్టు పడి ట్రాఫిక్ ఆగిపోయిందన్నాడు. ఏం చెయ్యాలో నన్నే అడిగాడు.

మగ్ తీసుకున్నాను. ముంచి, పైకెత్తి, వదిలాను. నీళ్లలోకి గాలి వెళ్లాలి కదా. మళ్లీ ముంచాను. కుర్చీ బ్రేక్ వేసి, గోడకి రొమ్ము ఆనించి, సగం ఒళ్లు నీళ్లమీదికి వాల్చాను. కాసేపటికి మగ్ బరువు తెలియడం మానేసింది. నా ఊపిరి, నీళ్ల చప్పుడు, వాటి నోళ్లు, అన్నీ ఒకే లయలో పడ్డాయి. నేను ఆపితే ఏదో ఆగిపోతుంది. ఏది ఆగిపోతుందో కూడా మర్చిపోయాను.

తల తిప్పితే రవి. ఎప్పుడొచ్చాడో తెలియదు. వెనక గుమ్మంలో నిలబడి, గోడమీదికి వాలిన నన్ను చూస్తున్నాడు. జాగ్రత్త అనలేదు. నన్ను వెనక్కి లాగలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నె తెచ్చుకుని, నాకు ఎదురుగా అవతలి గోడ దగ్గర కూర్చుని నీళ్లు ముంచడం మొదలుపెట్టాడు.

కరెంటు వచ్చేదాకా ఇద్దరం ముంచుతూనే ఉన్నాం. రెండు చేపలు పోయాయి. తెల్లది ఒరిగినదల్లా సర్దుకుని మెల్లగా అడుక్కి వెళ్లింది.

మే 18

రవి పొద్దున తొమ్మిదింటి దాకా నిద్రపోయాడు. గురక కూడా. లేపలేదు.

జూన్ 29

వాన వెలిసింది. రవి నన్ను ఎత్తి గోడమీద కూర్చోబెట్టి, తను వెనక నిలబడి ఆనుకోనిచ్చాడు. నా కాళ్లు రెండూ నీళ్లలోకి జారాయి. చేపలు దగ్గరికొచ్చాయి.

ఎడమ మడమ దగ్గర ఒకటి, అని చెవిలో చెప్పాడు. ఇప్పుడు బొటనవేలు. ఇప్పుడు కుడికాలు, వేళ్ల సందులో.

నాకేం తెలియలేదు.

ఇంకా చెప్పు అన్నాను.