ముందుగా చూడాల్సింది నిన్నే

ఓబులేసూ,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. మంగంపేట గనిలో రాళ్లు మోసే నువ్వు, హెచ్.ఐ.వి. ఉన్నవాడివి, మా వార్డుకు నడిచే వచ్చావు. "తలకాయ నొప్పే కదక్కా, రెండు మాత్రలియ్యి, పోతా" అన్నావు. నవ్వుతూ మాట్లాడుతున్నావు కదా అని, నర్సునైన నేను స్పృహలేని పక్కతని దగ్గరే ఉండిపోయాను. నాలుగో రోజు నువ్వు పోయావు. అతను బతికాడు. నీ మెదడు పొరలకు ఫంగస్ సోకిందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మా డాక్టరు ఈ జబ్బుతో వచ్చేవాళ్ల కోసం ఒక కాగితం తయారుచేశాడు. తలలో ఒత్తిడి ఎంత, మనిషి ఎంత చిక్కిపోయాడు, మాట తడబడుతోందా అని చూసి, ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో చేరిన రోజే అంచనా వేస్తాం. నీ పాత కేసుషీటు తీసి ఆ కాగితం ప్రకారం లెక్క చూశాను. అందరికన్నా ముందుగా చూడాల్సింది నిన్నే.

ఈ ఉదయం ఒకామె నీలాగే తలనొప్పితో నడిచి వచ్చింది. ఆమెకు అపాయం ఎక్కువని తేలడంతో తలలో ఒత్తిడి తగ్గేలా గంటలోపే వెన్నులోంచి నీరు తీశాం. సాయంత్రానికి "తలకాయ తేలిగ్గా ఉండాది" అంది.

"ఇంగ బతికినట్టేనా సిస్టరమ్మా?" అన్నాడు ఆమె భర్త.

ఆనాడు నీ భార్య ఇలాగే అడిగితే "ఏం కాదులే" అన్నాను. ఆ మాట నమ్మి ఆమె ఊరికి పోయింది; నీ ఆఖరి ఘడియలో పక్కన లేదు.

"ఇంకా గండం గడవలేదప్పా, నువ్వు ఈడే ఉండు" అని ఇతనికి చెప్పాను.