నాన్నకు చెప్పిన ఇరవై ఏళ్ళు

అన్నయ్యా,

నాన్న గుండె ఆపరేషన్ వద్దంటున్నారు. తప్పు నాదే. అందుకే అమ్మ చెప్పకముందే రాస్తున్నాను.

మా డిగ్రీలో ఆయుర్దాయం పట్టికలు చెబుతారు. ఒకే వయసువాళ్ళు లక్షమంది ఉంటే ఏటా ఎందరు పోతారో అందులో ఉంటుంది. బీమా కంపెనీలకు అదే ఆధారం. ఆదివారం నాన్న నా పుస్తకం తిరగేస్తూ, "అరవై ఏళ్ళవాడికి ఇంకా ఎన్నేళ్ళని రాసుందమ్మా?" అని అడిగారు. ఆయన ముఖం చూడలేక "ఇరవై" అన్నాను. పట్టికలో ఉన్నదీ అంతే. కానీ అది గుండె బాగున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి తీసిన సగటు. ఆ మాట చెప్పలేదు.

మర్నాడే ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపరేషన్ తేదీ రద్దు చేసుకున్నారు. "ఇంకా ఇరవై ఏళ్ళున్నాయండీ, మా అమ్మాయి లెక్క కట్టింది" అని డాక్టరుగారితోనే అన్నారట.

సగటంటే ఏమిటో మూడుసార్లు విడమరిచి చెప్పాను. "అప్పుడు నిజం చెప్పావు, ఇప్పుడు భయపడి మాట మారుస్తున్నావు" అంటున్నారు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నువ్వొచ్చి చెబితే వింటారేమో, సెలవు దొరక్కపోయినా రా.

ఈ ఉత్తరం రాస్తుంటే నాన్న నాకు చూపించడానికే మేడమెట్లు ఎక్కి దిగారు. ఇప్పుడు గోడ పట్టుకుని, ఆయాసం అణుచుకుంటూ నవ్వుతున్నారు.

నీ చెల్లి